పాత కారు ఏసీలో గ్యాస్ ఎక్కడికి పోతోంది?

మార్చి సగం దాటేసరికి మన ఊళ్ళల్లో కారు ఏసీ షాపుల ముందు బండ్లు వరుస కడతాయి. పదేళ్ళు దాటిన బండి అయితే ఓనరు దిగుతూనే చెప్పే మాట ఒకటే: "కూలింగ్ తగ్గింది, గ్యాస్ కొట్టండి." షాపతను కాదనడు. అరగంటలో డబ్బా ఖాళీ అవుతుంది, గాలి చల్లబడుతుంది, డబ్బులు చేతులు మారతాయి. మరుసటి మార్చికి, ఒక్కోసారి ఆ జూన్‌కే, అదే బండి మళ్ళీ అక్కడే ఉంటుంది. పాత బండికి ఇది మామూలేనని ఇద్దరూ నమ్ముతారు.

ఆ నమ్మకం తప్పు. ఏసీ గ్యాస్ వాడేకొద్దీ ఖర్చయ్యే సరుకు కాదు. కంప్రెసర్ నుంచి కండెన్సర్‌కు, అక్కడి నుంచి కూలింగ్ కాయిల్‌కు, తిరిగి కంప్రెసర్‌కు, మూసేసిన పైపుల్లో అదే గ్యాస్ ఏళ్ళ తరబడి తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే బయటికి పోయిందన్నమాటే. నిజమే, మంచి స్థితిలో ఉన్న బండిలో కూడా రబ్బరు హోస్‌ల గుండా, సీళ్ళ గుండా ఏడాదికి కొన్ని గ్రాములు జారిపోతాయి. ఒకే కూలింగ్ కాయిల్ ఉన్న కారుకు అది ఏడాదికి 40 గ్రాములు దాటకూడదని యూరప్ చట్టం పరిమితి పెట్టింది. మన చిన్న కార్లలో పట్టేది 400 నుంచి 500 గ్రాముల ప్రాంతంలో ఉంటుంది. అంత నెమ్మదిగా పోతే, తేడా మనకు తెలిసేసరికే కొన్నేళ్ళు గడవాలి. ఏడాదికోసారి ఖాళీ అవుతున్న బండిలో కచ్చితంగా లీకు ఉంది.

లీకు వెతికించి బాగు చేయించడం కంటే ఏటా ఒక డబ్బా కొట్టించుకోవడమే చవక కదా అని చాలామంది లెక్క వేస్తారు. ఆ లెక్కలో ఆయిల్ లేదు. కంప్రెసర్ లోపలి భాగాలు అరిగిపోకుండా కాపాడే ఆయిల్ చాలావరకు గ్యాస్‌తో పాటే సిస్టమ్ అంతా తిరిగి కంప్రెసర్‌కు చేరుతుంది. చిన్న కారులో మొత్తం కలిపి ఉండేది 100–150 మిల్లీలీటర్లు, అంటే టీ గ్లాసుడు. గ్యాస్ కారిన చోట ఆయిల్ కూడా కొంచెం కొంచెం కారుతుంది. మామూలు డబ్బాలో వచ్చేది గ్యాస్ మాత్రమే. కాబట్టి మూడు నాలుగు వేసవులు ఇలా టాప్-అప్‌లతో గడిపిన బండిలో గ్యాస్ సరిపడా ఉంటుంది, ఆయిల్ ఉండదు. గ్యాస్ సగమైన రోజుల్లో అయితే పైపుల్లో ప్రవాహం తగ్గి, ఉన్న ఆయిల్ కూడా సరిగ్గా వెనక్కి రాదు. చివరికి ఒక మధ్యాహ్నం కంప్రెసర్ పట్టేస్తుంది. అన్ని డబ్బాల మీదా మిగిల్చిన డబ్బు ఆ ఒక్క రోజున పోతుంది.

చల్లదనం ఎలా పుడుతుంది

ఈ భాగం కాస్త ఓపికగా చదివితే మెకానిక్ చెప్పే ప్రతి మాటనూ మీరే తూచుకోగలరు.

కుండలో నీళ్ళు చల్లబడేది పైకి చెమర్చిన నీరు ఆవిరవుతూ వేడిని లాక్కుపోతుంది కాబట్టి. ఏసీలో జరిగేదీ అదే, కాకపోతే ఆవిరయ్యేది ఆర్-134ఎ అనే గ్యాస్. బయటి గాలి ఒత్తిడిలో అది సున్నాకు 26 డిగ్రీల కిందే మరిగిపోతుంది. ఒత్తిడి మారితే మరిగే ఉష్ణోగ్రత కూడా మారుతుంది, మొత్తం కిటుకు ఇక్కడే ఉంది. ఒత్తిడి కొలిచే గేజీ మీద 30 పీఎస్ఐ (ఒత్తిడి కొలమానం) ఉంటే అది సుమారు 1–2 డిగ్రీల దగ్గర మరుగుతుంది. 200 పీఎస్ఐకి తీసుకెళ్తే సుమారు 55 డిగ్రీల దగ్గరే మళ్ళీ ద్రవంగా మారుతుంది.

డాష్‌బోర్డు వెనకున్న కూలింగ్ కాయిల్‌లో ఒత్తిడి తక్కువ. అక్కడ గ్యాస్ ఇంచుమించు మంచు చల్లదనంలో ఆవిరవుతూ కారులోని గాలి నుంచి వేడి తీసుకుంటుంది. కంప్రెసర్ దాన్ని పీల్చి, నొక్కి, ముందు గ్రిల్ వెనకున్న కండెన్సర్‌లోకి పంపుతుంది. అక్కడ గ్యాస్ 55 డిగ్రీల మీద ఉంటుంది కాబట్టి, రామగుండంలోనో రెంటచింతలలోనో 44 డిగ్రీల ఎండలో వీచే గాలి కూడా దానికంటే చల్లనిదే. ఆ పదకొండు డిగ్రీల తేడాతోనే వేడి బయటికి పోవాలి. కండెన్సర్ ఫ్యాన్ మందగించినా, దాని ఫిన్నుల్లో (సన్నటి లోహపు రేకుల్లో) దుమ్ము పేరుకున్నా ఆ తేడా చాలదు. అప్పుడు ఒత్తిడి 250కి, 300కి ఎగబాకుతుంది. కంప్రెసర్ మీద బరువు పడుతుంది, ఇంజన్ మూలుగుతుంది, లోపలికి వెచ్చటి గాలి వస్తుంది. గ్యాస్ మాత్రం సరిగ్గానే ఉంటుంది!

కోస్తాలో ఇంకో భారం కూడా ఉంది. గాలిలోని తేమ కూలింగ్ కాయిల్ మీద నీరుగా మారుతుంది, మారుతూ కాయిల్‌కు వేడిని వదులుతుంది. లీటరు నీరు అలా కారిందంటే కాయిల్ దాదాపు 2,400 కిలోజౌళ్ళ వేడిని అదనంగా మోసిందని అర్థం. హైదరాబాదులో 40 డిగ్రీల పొడి ఎండలో బాగానే ఉన్న బండి మచిలీపట్నంలో 36 డిగ్రీలకే నీరసించినట్టు అనిపించేది అందుకే. అక్కడ బయటి గాలి లోపలికి రాకుండా రీసర్క్యులేషన్ మీట వేసుకుంటే చాలు, గ్యాస్ షాపుకు వెళ్ళక్కర్లేదు.

గ్యాస్ మీదికి నెట్టేసే జబ్బులు

కూలింగ్ తగ్గిందని వచ్చే పాత బండ్లలో చాలావాటికి గ్యాస్‌తో సంబంధమే ఉండదు. వీటిలో అందరి కంటికీ కనపడకుండా తప్పించుకునేది కంప్రెసర్ క్లచ్.

కంప్రెసర్ ముందున్న పుల్లీ ఇంజన్ నడుస్తున్నంతసేపూ బెల్టుతో తిరుగుతూనే ఉంటుంది. ఏసీ బటన్ నొక్కితే పుల్లీ వెనకున్న రాగితీగ కాయిల్‌కు కరెంటు వెళ్ళి అది అయస్కాంతమవుతుంది. ముందున్న ఇనప ప్లేటును లాగి పుల్లీకి అతుక్కునేలా చేస్తుంది. అప్పుడే కంప్రెసర్ తిరుగుతుంది. ప్లేటుకూ పుల్లీకీ మధ్య సందు చాలా మోడళ్ళలో 0.3 నుంచి 0.6 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. ఏళ్ళ తరబడి అతుక్కుని విడిపోతూ ఉంటే ఆ ముఖాలు అరిగి సందు పెరుగుతుంది. పెరిగిన సందుతో పొద్దున్నపూట క్లచ్ బాగానే పడుతుంది. మిట్టమధ్యాహ్నం ట్రాఫిక్‌లో కాయిల్ తీగ వేడెక్కుతుంది, రాగికి నిరోధం పెరుగుతుంది, కరెంటు తగ్గి అయస్కాంత బలం చాలదు. ప్లేటు పడదు. వెచ్చటి గాలి మొదలవుతుంది. బండి ఆపి గంటసేపు నీడన పెడితే మళ్ళీ పనిచేస్తుంది. ఇది విన్న వెంటనే "గ్యాస్ వీక్ అయింది" అనేస్తారు.

కూలింగ్ పోయిన ఆ క్షణంలోనే బానెట్ ఎత్తి, చేతులు బెల్టుకు దూరంగా పెట్టుకుని, పుల్లీ నడిమి ప్లేటును చూడండి. పుల్లీ తిరుగుతూ ప్లేటు కదలకుండా ఉంటే క్లచ్ పడలేదు. అప్పుడు క్లచ్ వైరు దగ్గర మల్టీమీటరు పెట్టించండి. 12 వోల్టులు వస్తున్నా ప్లేటు పడకపోతే తప్పు క్లచ్‌దే. వోల్టేజీ రాకపోతే రిలే, స్విచ్, ప్రెషర్ స్విచ్ చూడాలి. గ్యాస్ బాగా తగ్గితే కంప్రెసర్‌ను కాపాడటానికి లో-ప్రెషర్ స్విచ్ కరెంటు ఆపేస్తుంది, గ్యాస్ మాట అక్కడ వస్తుంది. సందు పెరిగిన క్లచ్‌కు చాలా రకాల్లో ప్లేటు కింద షాఫ్టు మీదున్న పల్చటి వాషరు ఒకటి తీసి, ఫీలర్ గేజ్‌తో సందు సరిచూసి బిగిస్తే సరిపోతుంది. అరిగింది మరీ ఎక్కువైతే క్లచ్ సెట్టు మార్చాలి, కంప్రెసర్ మార్చక్కర్లేదు.

ఫ్యాన్ సంగతి తేలిక. రోడ్డు మీద వేగంగా వెళ్తుంటే చల్లగా, సిగ్నల్ దగ్గర ఆగితే వెచ్చగా ఉంటే ముందుగా కండెన్సర్ ఫ్యాన్‌నే అనుమానించాలి. చాలా కార్లలో ఏసీ వేసిన కాసేపటికే అది తిరగాలి. తిరుగుతున్నా వేగం సరిపోకపోవచ్చు, కార్బన్ బ్రష్‌లు అరిగిన మోటారు నెమ్మదిగా తిరుగుతుంది. బండి నిలబెట్టి ఏసీ నడుపుతూ కండెన్సర్ మీద మగ్గుతో నీళ్ళు చల్లి చూడండి. నిమిషంలో గాలి చల్లబడితే గ్యాస్ ఉంది, లేనిది కండెన్సర్‌కు గాలే.

మన ప్రాంతపు బండ్లకే ప్రత్యేకంగా వచ్చే జబ్బు ఒకటుంది, హీటర్ వాల్వు. మనం ఏడాది పొడవునా హీటర్ వాడం. పాత కార్లలో ఇంజన్ వేడినీళ్ళను డాష్‌బోర్డు వెనకున్న హీటర్‌లోకి వదిలే వాల్వును ఒక కేబుల్ లాగుతుంది. కదలక కదలక అది సగం తెరుచుకుని బిగుసుకుపోతుంది. కూలింగ్ కాయిల్ చల్లబరిచిన గాలిని పక్కనే 80–90 డిగ్రీల నీళ్ళు మళ్ళీ వేడి చేస్తూ ఉంటాయి. ఇంజన్ చల్లగా ఉన్న మొదటి పది నిమిషాలు ఏసీ బ్రహ్మాండంగా ఉంటుంది, తర్వాత నీరసిస్తుంది. హీటర్‌కు వెళ్ళే హోస్‌ను క్లాంపుతో నొక్కి పట్టి చూస్తే తేలిపోతుంది.

ఇక దుమ్ము. తొంభైల్లో, ఆ తర్వాత కొన్నేళ్ళదాకా మన దేశంలో వచ్చిన కార్లలో చాలావాటికి క్యాబిన్ ఫిల్టరే లేదు. వేపచెట్టు కిందో చింతచెట్టు కిందో ఏళ్ళ తరబడి ఆపిన బండిలో, అద్దం కింది జాలీ గుండా రాలిన ఆకులు బ్లోవర్‌లోకి, అక్కడి నుంచి తడి కాయిల్ మీదికి చేరతాయి. అలాంటి కాయిల్‌ను బయటికి తీస్తే గాలి వచ్చే వైపు ముఖం కనపడదు. ఆకుల ఈనెలు, వెంట్రుకలు, ఎర్రమట్టి కలిసి దళసరి పొరలా అతుక్కుని ఉంటాయి. బ్లోవర్ హోరు పెరిగి గాలి తగ్గడం, ఏసీ వేయగానే ముక్కిపోయిన వాసన రావడం దాని గుర్తులు. నీళ్ళు పోయే చిన్న పైపు కూడా మూసుకుపోతే ముందు సీటు కాళ్ళ దగ్గర కార్పెట్ తడుస్తుంది. బండి కింద నీటి చుక్కలు పడటం మాత్రం ఆరోగ్యమే, దానికి కంగారు పడొద్దు.

గేజీ ఏం చెబుతుంది, ఏం చెప్పదు

షాపుల్లో రెండు గేజీల సెట్టు చూసే ఉంటారు. నీలం హోస్ లో-సైడ్‌కు (ఒత్తిడి తక్కువుండే వైపు), ఎరుపు హై-సైడ్‌కు (ఒత్తిడి ఎక్కువుండే వైపు), మధ్య పసుపు హోస్ డబ్బాకో వ్యాక్యూమ్ పంపుకో. వీటి మీద జరిగే పెద్ద పొరపాటు ఇంజన్ ఆపి గేజీ పెట్టడం. "చూడండి సార్, 110 ఉంది, గ్యాస్ ఫుల్" అంటారు. 35 డిగ్రీల వేడిలో ఆపి ఉంచిన సిస్టమ్‌లో ఆర్-134ఎ ఒత్తిడి దాదాపు 114 పీఎస్ఐ ఉంటుంది. లోపల 500 గ్రాములున్నా అంతే, 150 గ్రాములున్నా అంతే. కొంచెం ద్రవం మిగిలి ఉన్నంతవరకూ ఆ అంకె ఆ రోజు ఎంత వేడిగా ఉందో చెబుతుంది, గ్యాస్ ఎంతుందో చెప్పదు.

ఇంజన్ నడుస్తున్నప్పుడు రెండు గేజీలనూ కలిపి చదవాలి. రెండూ తక్కువగా ఉంటే గ్యాస్ తక్కువై ఉండొచ్చు. రెండూ ఎక్కువగా ఉంటే గ్యాస్ ఎక్కువైంది, లేదా కండెన్సర్‌కు గాలి ఆడటం లేదు, లేదా సిస్టమ్‌లోకి గాలి చేరింది. లో-సైడ్ ఎక్కువ, హై-సైడ్ తక్కువ అంటే కంప్రెసర్ లోపల అరిగి నొక్కలేకపోతోంది, అలాంటి బండిలో ఎంత గ్యాస్ కొట్టినా దండగే. లో-సైడ్ సున్నా కిందికి, వ్యాక్యూమ్‌లోకి జారిపోతుంటే, ద్రవాన్ని సన్నటి రంధ్రం గుండా కూలింగ్ కాయిల్‌లోకి వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వు మూసుకుపోయింది. అది కూడా కాసేపటికి జరిగి, ఏసీ ఆపి ఉంచాక మళ్ళీ సర్దుకుంటుంటే లోపల తేమ ఉంది, వాల్వు సన్నటి రంధ్రంలో మంచు కడుతోంది. "కాసేపు బాగా వస్తుంది, తర్వాత ఆగిపోతుంది" అనే ఫిర్యాదుకు క్లచ్‌తో పాటు ఇదీ ఒక కారణం.

ఇంత చెప్పినా గేజీతో సరైన కొలత దొరకదు. వాతావరణం, ఇంజన్ వేగం, ఫ్యాన్, బ్లోవర్ దేన్ని బట్టయినా అంకెలు మారతాయి. గ్యాస్‌ను తూకం వేసి ఎక్కించడం ఒక్కటే నమ్మదగిన పద్ధతి. ఎన్ని గ్రాములు పట్టాలో బానెట్ లోపలి స్టిక్కరు మీద ఉంటుంది, అది పాత బండిలో ఊడిపోతే సర్వీస్ మాన్యువల్‌లో దొరుకుతుంది. సగం గ్యాస్ ఉన్న సిస్టమ్ మీద టాప్-అప్ చేస్తే మొత్తం ఎంతయిందో ఎవరికీ తెలియదు. ఎక్కువైతే ఏమవుతుందని అడిగేవాళ్ళున్నారు. మిగులు ద్రవం కండెన్సర్ అడుగు వరసల్ని నింపేస్తుంది, గ్యాస్ చల్లబడటానికి చోటు తగ్గుతుంది, ఒత్తిడి పెరుగుతుంది, కూలింగ్ తగ్గుతుంది. కూలింగ్ చాల్లేదని ఇంకొంచెం ఎక్కిస్తే మరీ తగ్గుతుంది. పాత బండ్లలో తేమను పీల్చే డ్రయర్ మీదుండే చిన్న గాజు కిటికీలో బుడగలు పోయేదాకా ఎక్కించడం, ఆర్-134ఎకు ముందు వాడిన ఆర్-12 గ్యాస్ రోజుల అలవాటు. ఆర్-134ఎ బండిలో ఆ గాజును నమ్ముకుంటే ఎక్కువ పట్టించే అవకాశమే ఎక్కువ.

సరైన పని ఏ వరసలో జరుగుతుంది

ముందు లీకు దొరకాలి. టార్చి వేసి చూస్తేనే కొన్ని దొరుకుతాయి. లీకున్న జాయింటు చుట్టూ ఆయిల్ చెమర్చి, దాని మీద రోడ్డు దుమ్ము అతుక్కుని నల్లటి జిడ్డు మచ్చ కడుతుంది. చుట్టుపక్కల పొడిగా ఉండి ఆ ఒక్క జాయింటే జిడ్డుగా ఉంటే వేలు పెట్టి చూపించండి. పాత బండిలో ముందుగా చూడాల్సినవి కంప్రెసర్ షాఫ్ట్ సీలు, పైపు జాయింట్ల ఓ-రింగులు, గేజీ తగిలించే చోట టైరు వాల్వులాంటి చిన్న వాల్వు పిన్నులు, రాళ్ళు తగిలే కండెన్సర్ ముఖం, క్లిప్పు ఊడి ఇంకోదానికి రాసుకుంటున్న అల్యూమినియం పైపు. చివరన కూలింగ్ కాయిల్, విశాఖ, కాకినాడ వంటి ఉప్పుగాలి ఊళ్ళల్లో దీన్ని ముందుకు జరపాలి. ఎందుకంటే తడీ ఉప్పూ కలిసి అల్యూమినియంకు సూది రంధ్రాలు పెడతాయి. వాల్వు పిన్ను లీకైతే అది అతి చవకైన రిపేరు. మూత పెట్టకుండా వదిలేసిన పోర్టుల్లోనే అది ఎక్కువ.

కంటికి దొరకని లీకుకు నైట్రోజన్ నింపి చూడాలి. 150–200 పీఎస్ఐ పట్టించి, సబ్బు నీళ్ళతో జాయింటు జాయింటూ వెతకాలి, విప్పిన కాయిల్‌నైతే నీళ్ళ తొట్టిలో ముంచాలి. ఆక్సిజన్ సిలిండరుతో గానీ, పంక్చర్ షాపు గాలితో గానీ ఈ పరీక్ష ఎన్నడూ చేయనివ్వకండి. ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్‌కు ఆయిల్ తగిలితే పేలుతుంది. గాలిలో తేమ ఉంటుంది, పైగా ఒత్తిడిలో గాలితో కలిసిన ఆర్-134ఎ మండగలదు.

పంపుతో లోపలి గాలినంతా లాగేసి వ్యాక్యూమ్ పట్టి, గేజీ ముల్లు నిలబడింది కాబట్టి లీకు లేదనడం సగం నిజమే. వ్యాక్యూమ్‌లో లోపలికీ బయటికీ ఒత్తిడి తేడా 15 పీఎస్ఐ కూడా ఉండదు. నడిచే బండిలో అదే జాయింటు మీద 200 పడుతుంది. వ్యాక్యూమ్ అసలు పని తేమను తరిమేయడం. ఒత్తిడిని 40 మిల్లీబార్లకు దించితే నీరు 30 డిగ్రీలకే మరిగి ఆవిరైపోతుంది, పంపు దాన్ని లాగేస్తుంది. ఇందుకు మంచి పంపుతో అరగంట నుంచి ముప్పావుగంట పడుతుంది. పాత ఫ్రిజ్ కంప్రెసర్‌నే పంపుగా వాడే షాపులు ఇప్పటికీ ఉన్నాయి, ఐదు నిమిషాల్లో ముగించేవీ ఉన్నాయి. అలా మిగిలిన తేమ వాల్వులో మంచవుతుంది, గ్యాస్‌తో ఆయిల్‌తో కలిసి ఆమ్లమై లోహాన్ని తింటుంది. సిస్టమ్ విప్పినప్పుడల్లా డ్రయర్ మార్చమనేది కూడా ఇందుకే. దానిలోని గుళికలు పీల్చగలిగినంత తేమ పీల్చేశాక ఇక పనికిరావు. కంపెనీ చెప్పిన రకం ఆయిల్, పోయినంత కొలిచి పోయాలి. ఆర్-134ఎ కార్లలో వాడే పీఏజీ ఆయిల్ గాలిలోని తేమను గబగబా పీలుస్తుంది, మూత తీసి నెలలుగా పెట్టిన సీసా వద్దనండి.

వీటన్నిటికంటే ముందు, లోపల మిగిలిన పాత గ్యాస్‌ను గాల్లోకి వదలకుండా రికవరీ మెషిన్‌లోకి లాగాలి. నూరేళ్ళ లెక్కలో ఆర్-134ఎ భూమిని వేడెక్కించే శక్తి బొగ్గుపులుసు వాయువుకు 1,430 రెట్లు. 450 గ్రాముల డబ్బా గాల్లో కలిస్తే దాదాపు 640 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానం. కిలోమీటరుకు 130 గ్రాములు వదిలే పెట్రోలు కారు దాదాపు ఐదు వేల కిలోమీటర్లు తిరిగినట్టు. రికవరీ మెషిన్ ఉన్న షాపు కోసం పది కిలోమీటర్లు అదనంగా వెళ్ళడం నా దృష్టిలో న్యాయమే.

ఏ గ్యాస్?

తొంభైల మొదట్లో వచ్చిన మారుతి 800, కాంటెస్సా వంటి బండ్లు ఆర్-12తో వచ్చాయి. అది ఓజోన్ పొరను తినే గ్యాస్. 1987 మాంట్రియల్ ఒప్పందం దాన్ని వదిలించుకునే దారి వేసింది. మన దేశం 1992లో అందులో చేరింది, 2010 జనవరి 1 నుంచి దాని తయారీ, వాడకం ఆగిపోయాయి. కాబట్టి ఆ బండ్లను ఆర్-134ఎకు మార్చుకోవాలి. మార్చడమంటే డబ్బా మార్చడం కాదు. పాత మినరల్ ఆయిల్ ఆర్-134ఎతో కలవదు, కంప్రెసర్‌కు తిరిగి రాదు. దాన్ని తీసేసి ఎస్టర్ ఆయిల్ పోయాలి, డ్రయర్, ఓ-రింగులు మార్చాలి, పోర్టులకు కొత్త ఫిటింగులు పెట్టాలి, పాత తూకంలో 80–90 శాతమే ఎక్కించాలి. ఇన్ని చేశాక కూడా నిలబడి ఉన్న బండిలో కూలింగ్ కాస్త తక్కువే ఉంటుంది. పాత ట్యూబు కండెన్సర్ బదులు కొత్త తరహా సన్న చానళ్ళ కండెన్సర్ అమర్చగలిగితే ఆ లోటు చాలావరకు తీరుతుంది.

మిగతా పాత బండ్లకు ఆర్-134ఎ ఇంకా కొన్నేళ్ళు దొరుకుతుంది. మాంట్రియల్ ఒప్పందానికి 2016లో కిగాలీలో చేసిన సవరణను భారత్ 2021లో ఆమోదించింది. దాని ప్రకారం మనకు ఈ తరహా వాయువుల వాడకం 2028లో పెరగకుండా ఆగి, 2032 నుంచి అంచెలంచెలుగా తగ్గాలి. యూరప్ కొత్త కార్లలోకి వచ్చిన ఆర్-1234వైఎఫ్‌ను పాత బండిలో కలపకూడదు.

చవకగా దొరికే పేరులేని డబ్బాల జోలికి వెళ్ళొద్దు. 2011లో సముద్రం మీద వెళ్ళే శీతల కంటైనర్లు పేలి వియత్నాంలో, బ్రెజిల్‌లో ముగ్గురు చనిపోయారు. ఆర్-134ఎ పేరుతో వచ్చిన నకిలీ గ్యాస్‌లో మిథైల్ క్లోరైడ్ ఉంది. అది అల్యూమినియంతో చర్య జరిపి, గాలి తగలగానే అంటుకునే పదార్థాన్ని తయారుచేసింది. కారు ఏసీ అంతా అల్యూమినియమే. వంటగ్యాస్ తరహా మిశ్రమాలు బాగా చల్లబరుస్తాయన్నది నిజమే, కానీ కూలింగ్ కాయిల్ లీకైతే ఆ గ్యాస్ చేరేది మూసిన అద్దాల మధ్య మన పిల్లలు కూర్చున్న చోటికి. లీకును మూసేస్తుందని అమ్మే సీలెంట్లు కూడా వద్దు, అవి వాల్వులోనూ షాపువాళ్ళ మెషిన్‌లోనూ గడ్డకడతాయి. సీలెంట్ వేసిన సంగతి చెప్పకుండా బండి అప్పగిస్తే వాళ్ళకూ నష్టమే.

సొంతంగా డబ్బా కొనుక్కుని ఎక్కించుకోవాలనుకునేవారికి ఒక హెచ్చరిక. ఇంజన్ నడుస్తుండగా ఎరుపు వాల్వు తెరవకండి. హై-సైడ్ ఒత్తిడి డబ్బాలోకి వెనక్కి తన్ని దాన్ని పగలగొడుతుంది. డబ్బాను తలకిందులు చేసి లో-సైడ్‌లోకి ద్రవం పంపితే కంప్రెసర్ వాల్వులు విరుగుతాయి. కళ్ళద్దాలు, గ్లౌజులు తప్పనిసరి, చిందిన ద్రవం చర్మాన్ని గడ్డకట్టిస్తుంది.

మన చేతిలో ఉన్నది

చలికాలంలో కూడా వారానికోసారి పది నిమిషాలు ఏసీ వేయండి. షాఫ్ట్ సీలుకు ఆయిల్ తడి అందుతూ ఉంటేనే అది ఎండి పగలదు. నవంబరులో ఆపేసి మార్చిలో వేస్తే గ్యాస్ లేదని తేలే బండ్ల కథ చాలావరకు ఇదే. ఎండాకాలానికి ముందు కండెన్సర్‌ను మామూలు పైపు నీళ్ళతో, ఇంజన్ వైపు నుంచి బయటికి కడగండి. ప్రెషర్ వాషర్ పెడితే ఫిన్నులు వంగి గాలి దారి మూసుకుపోతుంది. గ్యాస్ పోర్టుల మూతలు ఉన్నాయో లేవో చూసుకోండి. సర్వీసు అయ్యాక ఎన్ని గ్రాములు ఎక్కించారో, ఎంత ఆయిల్ పోశారో బిల్లు మీద రాయించుకోండి. వచ్చే ఏడాది తేడా వస్తే వాదనకు ఆ కాగితమే ఆధారం.

కంప్రెసర్ పోయిందని తేలితే చాలామంది విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల సెకండ్‌హ్యాండ్ దాని కోసం వెళ్తారు. పాత మోడళ్ళకు కొన్నిసార్లు వేరే దారి కూడా ఉండదు. అక్కడ ముందు పోర్టుల రంధ్రాలు చూడండి. మూతలు లేకుండా దుమ్ములో పడి ఉన్నదాన్ని ఎంత చవకైనా తీసుకోవద్దు, లోపలి ఆయిల్ ఎప్పుడో తేమ తాగేసి ఉంటుంది. మూతలున్నదాన్ని వంచి కొంచెం ఆయిల్ తెల్లకాగితం మీద పోయించండి. తేటగానో పల్చటి పసుపుగానో ఉంటే సరే. నల్లగా ఉన్నా, వెండి పొడిలా మెరిసినా వదిలేయండి. ముందు ప్లేటును చేత్తో తిప్పితే పట్టుకోకుండా, గరగరలాడకుండా తిరగాలి. మీ బండిలో పాత కంప్రెసర్ లోపల విరిగి పట్టేసి ఉంటే దాని లోహపు పొడి ఇప్పటికే కండెన్సర్‌లోకి చేరి ఉంటుంది. సన్న చానళ్ళ కండెన్సర్‌ను ఎంత ఫ్లష్ చేసినా అది పూర్తిగా రాదు. కండెన్సర్, డ్రయర్, ఎక్స్‌పాన్షన్ వాల్వు మూడూ మార్చే డబ్బు సర్దుబాటయ్యాకే కంప్రెసర్ కొనండి.